పరదేశమున విద్యార్థి వసతి – ఒంటరి సైకిలు యాత్ర
(హుజూర్‌నగరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. విద్య మంచిదనియు, మన బిడ్డలు చదువవలయుననియు జెప్పుటకు మేము రాలేదు. ఆ మాట మీకు మాకంటె ముందే తెలియును. ఇచట గూర్చున్న తలిదండ్రులలో పొలము కుదువబెట్టి బిడ్డను సముద్రము దాటించినవారు పలువురు గలరు. మేము చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము. సముద్రము దాటిన బిడ్డ మొదటి రాత్రి ఎక్కడ పండుకొనును? ఆ పండుకొను చోటును తానే వెదకికొనగల నేర్పును ఆ బిడ్డకు ఇచటనే ఎట్లు కలిగింపవచ్చును? మొదటి ప్రశ్నకు వసతినిధి యనియు, రెండవదానికి ఒంటరి సైకిలు యాత్ర యనియు మా సమాధానము. ఈ రెండును ఒక్క యుపన్యాసమున నెట్లు పొసగునని కొందరికి నవ్వు రావచ్చును. కడవఱకు విని పిమ్మట నవ్వుదురుగాక.

బాటసారికి నీడ కల్పించుట మన దేశమున క్రొత్త ధర్మము గాదు. శ్రీశైలమున జూడుడు, యాదగిరిగుట్టయందు జూడుడు. కులమునకొక సత్రము గనబడును. యాత్రికుడు రాత్రివేళ దిక్కుతోచక నిలువరాదని పెద్దలు తలచిరి. యాత్ర గుడికి గాక బడికి మారిన కాలమున ఆ సత్రమే విద్యార్థి వసతిగృహముగా మారెను. 1918వ సంవత్సరమున హైదరాబాదు నగరమున రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు రెడ్డి విద్యార్థి వసతిగృహమును స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రారంభమయిన కాలము నదియే. నల్లగొండ, పాలమూరు, ఓరుగల్లు సీమల పల్లెలనుండి వచ్చు బాలురకు నగరమున దెలిసినవారు లేరు; చదువు పరభాషలో, వంట పరగృహములో. అట్టివారికి ఆ గృహము అన్నము పెట్టినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారము వహించి అచటి గ్రంథాలయమును పెంపొందించిరి. తరువాత వైశ్యులు, మున్నూరుకాపులు, పద్మశాలీలు, గౌడులు మొదలగువారును నగరమున దమ తమ వసతిగృహములను గట్టుకొనిరి. నేడు తెలంగాణమున బేరుగాంచిన అనేక కుటుంబములలో తాతగారో తండ్రిగారో ఇట్టి గృహములలో నొకదాని చాపపై పండుకొని చదివినవారే.

మన తాలూకా సంగతి చూతము. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరము ఎడమ కాలువకు నీరు విడిచిన పిదప మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములలో మెట్ట చేలు మాగాణులయ్యెను. వరి పండెను, బియ్యపు మిల్లులు వెలసెను. ఆ ధాన్యపు సొమ్మే మన బిడ్డలను సూర్యాపేటకును, హైదరాబాదునకును, ఇపుడు అమెరికాకును, ఇంగ్లాండునకును, జర్మనీకిని పంపుచున్నది. బిడ్డలు దూరము పోయిరి. మన సత్రము మాత్రము హైదరాబాదు దాటి పోలేదు. మేము చెప్పదలచిన లోటు ఇదియే.

పరదేశమున వసతి వెదకుట యెట్టిదో పూర్వుల చరిత్ర తెలుపుచున్నది. 1888వ సంవత్సరమున గాంధీగారు లండను చేరినపుడు మొదట హోటలులో దిగి, ఆ ఖర్చునకు బెదరి, తరువాత ఒక కుటుంబముతో నుండిరి. పిదప వేరు గదులు తీసికొనిరి. ఆ గదులనుండి తమ పని చోటునకు అర్ధగంటలో నడచి పోవచ్చునా యని చూచి మఱీ యెన్నుకొనిరి. బండి కిరాయి మిగిలెను, దినమునకు ఎనిమిది పది మైళ్ళ నడకయు దొరికెను. ఇంకను పొదుపు చేయదలచి ఒక్క గదికి మారి, ఉదయపు టాహారమును తామే వండుకొనిరి. అద్దె తక్కువ యని దూరమున గది తీసికొని, మిగిలిన సొమ్మును రైలు టిక్కెట్టునకు బెట్టు బాలుడు ఈ లెక్కను నేర్వవలెను.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922వ సంవత్సరమున బోస్టను చేరి, చదువుకొనుచునే ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేసిరి. పిదప వైద్యశాస్త్రమునకు వారు చేసిన మేలు లోకమెఱుగును. ఆ కాలముననే, 1920లో, కె. టి. పాల్‌గారి కృషివలన లండనున వై. ఎం. సి. ఏ. వారి భారతీయ విద్యార్థి వసతిగృహము వెలసెను. అది ఇప్పటికిని ఫిట్జ్‌రాయ్ స్క్వేరునందు నడుచుచున్నది. ఆ దేశమున వెండి బంగారములకంటె తలదాచుకొను గది దుర్లభమని గుర్తించినవారు చేసిన పని యది. భారతీయులు గది నడిగిన ముఖముమీదనే తలుపు వేసిన యజమానులు అచట నెందరో యుండిరి. రంగును బట్టి అద్దె నిరాకరించుట అచట చట్టవిరుద్ధమయినది 1968వ సంవత్సరముననే.

నేటి స్థితి వేరు. ఇపుడు తలుపు వేయువారు తక్కువ. లేని తలుపును అద్దెకిచ్చువారు ఎక్కువ. మా బంధువర్గములోని యొక బాలుడు పయనమునకు పూర్వమే ఫోనులో గది బొమ్మలు చూచి, యజమానినని చెప్పిన వానికి మొదటి నెల అద్దెయు, ధరావతును పంపెను. దిగిన పిదప ఆ చిరునామాకు పోగా ఆ యింట వేఱొక కుటుంబము కాపురముండెను. సొమ్ము పుచ్చుకొన్న వాని ఫోను మూగవోయెను. బాలుడు నాలుగు రాత్రులు రైలు నిలయమునకు దగ్గరి చౌక హోటలులో గడపెను. ఇచట తండ్రి ఆ సొమ్మునకు రెండు రూపాయల వడ్డీ కట్టుచుండెను. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయలనగా నేమో మీకు మేము చెప్ప నక్కఱలేదు.

కావున పోవువారు కొన్ని నియమములు తెలిసికొనవలెను. చూడని గదికి సొమ్ము పంపరాదు. తాను చూడలేనిచో నమ్మకమయిన వారొకరు పోయి, తలుపు తీయించి, లోపల నిలిచి చూచిన పిమ్మటనే పైకము కదలవలెను. తాళపుచెవి టపాలో వచ్చునని చెప్పువాడు దొంగ యని యెంచవలెను. విశ్వవిద్యాలయము వారి వసతికి ప్రవేశపత్రము వచ్చిన నాడే దరఖాస్తు పెట్టవలెను. వీసా వచ్చినదాక ఆగినచో గదులన్నియు నిండును.

దేశమునకొక చట్టము గలదు. ఇంగ్లాండునందు సామాన్యమయిన ఇంటికి ధరావతు 5 వారముల అద్దెకు మించి పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్న ధరావతును 30 దినములలోపల ప్రభుత్వ మంగీకరించిన రక్షణ పథకమున నుంచవలెను. అట్లుంచిన పత్రమును విద్యార్థి అడిగి తీసికొనవలెను. జర్మనీయందు ధరావతు మూడు నెలల మూలపు అద్దెకు మించరాదు. దానిని మూడు నెలవారీ వాయిదాలలో చెల్లించు హక్కును ఆ చట్టమే యిచ్చుచున్నది. అచట అద్దె రెండు విధములు. మొదటిది గోడలకు మాత్రమే. రెండవది వెచ్చదనము, నీరు మొదలగువానితో గూడినది. మొదటి అంకె చూచి చౌక యని సంతసించిన బాలుడు చలికాలమున రెండవ అంకె చూచి యేడ్చును. మఱియు ఇల్లు చేరిన రెండు వారములలో పురపాలక కార్యాలయమున నివాసమును నమోదు చేయింపవలెను. అందులకు యజమాని సంతకము చేసిన పత్రము కావలెను. ఆ సంతకము చేయనివాని గది యెంత చౌకయైనను వలదు. అమెరికాయందు రాష్ట్రమునకొక నియమము గలదు. మసాచుసెట్సు రాష్ట్రమున ధరావతు ఒక నెల అద్దెకు మించరాదు. అచట ఏడాది కొప్పందము వ్రాయించుట వాడుక. నలుగురు కలిసి సంతకము చేసినపుడు ఒకడు విడిచిపోయినచో వాని పాలును మిగిలిన మువ్వురిపై బడవచ్చును; కావున ఆ కాగితమును కడవఱకు చదువవలెను. విద్యార్థి వీసాపై నున్నవాడు నివాసము మారిన 10 దినములలోపల తన విశ్వవిద్యాలయమువారికి తెలుపవలెను.

ఇవన్నియు కాగితముమీద వ్రాసి యిచ్చిన చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. కాగితము చదివిన బాలుడే క్రొత్త ఊరిలో, క్రొత్త భాషలో, ఒంటరిగా నిలిచినపుడు నోరు మెదపలేడు. ఇంటర్మీడియేటు రెండేండ్లును నాలుగు గోడల నడుమ నుంచి, ఇంజనీరింగు నాలుగేండ్లును బస్సులో దింపి బస్సులో నెక్కించి, మనము వానిని హఠాత్తుగా విమానమెక్కించుచున్నాము. వాడు తన జీవితమున ఒక్క రాత్రియైనను తానెక్కడ పండుకొనవలెనో తానే నిర్ణయించుకొని యెఱుగడు. ఈ విద్యను బడులు నేర్పవు. సైకిలు నేర్పును.

ఇంటికిని యాత్రకును గల సంబంధమును మొదట గ్రహించినవాడు జర్మనీదేశపు ఉపాధ్యాయు డొకడు. ఆయన పేరు రిషార్డు షిర్మాను. 1909వ సంవత్సరము ఆగస్టు మాసమున విద్యార్థులతో కాలినడకన బోవుచు పెద్ద గాలివానలో జిక్కి, ఒక పల్లె బడిలో రాత్రి తలదాచుకొనెను. సెలవులలో బడులన్నియు ఖాళీయే గదా, వానిని బాలయాత్రికులకు సత్రములుగా జేసిన నేమని ఆ రాత్రి ఆయనకు తోచెను. నేడు లోకమంతట వ్యాపించిన యువజన వసతిగృహములకు మూలమిదియే. బ్రిటనునందు 1930లో ఆ సంఘ మేర్పడెను. మన దేశమునను అట్టి సంఘము కలదు.

సైకిలుపై లోకము చుట్టుట మనవారికి చేతకాదనుకొనుట పొరపాటు. 1923వ సంవత్సరము అక్టోబరులో ఆరుగురు పారసీ యువకులు బొంబాయినుండి సైకిళ్ళపై బయలుదేరిరి. వారిలో ఆది హకీము, జాలు బాపసోలా, రుస్తుం భుంగారా యను మువ్వురు సుమారు 44,000 మైళ్ళు తిరిగి 1928లో మరలి వచ్చిరి. 1924లో ఫ్రాంరోజు దావరు ఒంటరిగనే బయలుదేరెను. వియన్నాయందు ఆయనకు తోడు దొరకెను. వంగదేశపు రామనాథ విశ్వాసు 1931లో సింగపూరునుండి యాత్ర ప్రారంభించెను. ఆడపిల్లల మాట యేమందురో, అమెరికాలోని బోస్టనుకు జెందిన ఆనీ లండండెరీ యను గృహిణి 1894లో బయలుదేరి, సైకిలుపైనను ఓడలపైనను లోకము చుట్టి 1895లో దిరిగి వచ్చినది. ఈనాడు మన బిడ్డలు చేయవలసినది అంతటి సాహసము గాదు. మూడు దినముల యాత్ర చాలును.

మన హుజూర్‌నగరమునుండియే దారి చెప్పుదుము. మొదటి దినమున వేకువజామున బయలుదేరి మట్టపల్లి చేరవలెను. కృష్ణలో స్నానము చేసి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, రాత్రి బసను తానే విచారించుకొనవలెను. రెండవ దినమున జాన్‌పహాడు దర్గామీదుగా వాడపల్లికి బోవలెను. అచట మూసీ కృష్ణలో గలియును. మూడవ దినమున మిర్యాలగూడ చేరి, కోదాడకు బోవు రహదారిని బట్టి యింటికి రావలెను. తండ్రి కారు వెనుక రారాదు. మేనమామ ముందుగా ఫోను చేసి యేర్పాట్లు చేయరాదు. ఖర్చునకు నిర్ణీతమయిన సొమ్ము, ఒక నోటుపుస్తకము, గాలిపంపు, పంక్చరు సామాను, ముందొక దీపము, వెనుకొక దీపము, శిరస్త్రాణము – ఇంతే.

ఈ మూడు దినములలో బిడ్డ యేమి నేర్చును? రాత్రి బస యెక్కడనో మధ్యాహ్నముననే ఆలోచింపవలెనని నేర్చును. ముక్కు మొగ మెఱుగనివారిని మర్యాదగా నడుగుట నేర్చును. గది చూపుడనుట, నీరున్నదా, తలుపునకు గడియ యున్నదా యని చూచుట, వెల నిర్ణయించుకొని పిమ్మట మూట దింపుట నేర్చును. ఎవడు మేలు కోరి మాటలాడుచున్నాడో, ఎవడు మోసపుచ్చుటకు మాటలాడుచున్నాడో కొంత పోల్చుకొనగల్గును. చేతిలోని సొమ్మును మూడు దినములకు పంచుకొనుట నేర్చును. చక్రము పగిలి దారిలో నిలిచినపుడు ఏడ్చుటవలన లాభము లేదనియు, చేతులు నల్లబడిన పిమ్మట ప్రయాణము సాగుననియు నేర్చును. అన్నిటికంటె ముఖ్యముగా ఒంటరితనమును, దిక్కులేనితనమును వేరు వేరని తెలిసికొనును. చలికాలమున లండనులో పగలు ఎనిమిది గంటలకు దక్కువ. సాయంకాలము నాలుగింటికే చీకటి పడిన గదిలో తలుపు వేసికొని కూర్చున్న బిడ్డకు ఈ భేదము తెలియకపోయినచో కలుగు కీడు మీకు మేము వర్ణింపము. అట్టి కబురులు విన్న యిండ్లు మన జిల్లాలో నున్నవి.

అచటికి బోయిన పిదపను సైకిలు వానికి మిత్రుడగును. గదికి దూరము కలిగినను బస్సు కిరాయి మిగులును. సెలవులలో ఒంటరి యాత్రకు తగిన బాటలు ఆ దేశములలో గలవు. మిస్సోరి రాష్ట్రమున పాత రైలుకట్టపై సుమారు 240 మైళ్ళ సైకిలు బాట గలదు. వాషింగ్టను నగరమునుండి కంబర్లాండు వఱకు పాత కాలువగట్టుపై 184 మైళ్ళకు పైగా బోవు బాటలో, రాత్రి గుడారము వేసికొనుటకు కిరాయి లేని చోట్లు నడుమ నడుమ నేర్పరచియున్నారు. ఇంగ్లాండునందు బ్రిస్టలునుండి బాతునకు 13 మైళ్ళ బాట, క్రొత్తవారికి మొదటి పాఠముగా దగినది. జర్మనీలోని పాసౌనుండి వియన్నావఱకు డాన్యూబు నదీతీరమున బోవువారు వేలకొలది. సాగరము ఎడమ కాలువ గట్టుపై దిరిగిన పిల్లవానికి ఇవి పరాయిచోట్లుగా దోపవు.

జాగ్రత్తలును చెప్పవలెను. మన దారులలో సిమెంటు లారీలు రాత్రింబవళ్ళు తిరుగును. మట్టంపల్లి, మేళ్ళచెరువు వైపు బోవువారు చీకటిలో సైకిలు త్రొక్కరాదు. ఎండాకాలమున యాత్ర వలదు. కార్తికమునుండి మాఘమువఱకు మంచి కాలము. అమెరికాయందును జర్మనీయందును బండ్లు కుడిప్రక్కన నడుచును. మొదటి వారము మలుపులలో మిక్కిలి మెలకువ కావలెను. ప్రతి సాయంకాలము తానున్న చోటును ఇంటికి తెలుపవలెను. ఒంటరి యాత్ర యనగా ఎవరికిని చెప్పని యాత్ర గాదు. ఆడపిల్లలు మొదట ఇద్దరు మువ్వురు కలిసి పోయి, పిదప తమ యిష్టముకొలది ఒంటరిగా బోవచ్చును. ఆడపిల్లను ఒంటరిగా అమెరికాకు పంపుటకు జంకని తండ్రి, మట్టపల్లికి పంపుటకు జంకుట మాకు వింతగా దోచుచున్నది.

ఇక నొక కష్టమయిన మాట. ఇది కులసంఘము గనుక ఇచటనే చెప్పవలెను. అంబేడ్కరుగారు 1913లో న్యూయార్కు చేరి, విశ్వవిద్యాలయ వసతిగృహమున అందఱితోబాటు నివసించిరి. లండనున కింగ్ హెన్రీస్ రోడ్డునందు 10వ నెంబరు ఇంట నుండి చదివిరి; ఆ యింటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వము కొని స్మారకముగా జేసినది. ఆ రెండు ప్రవాసముల నడుమ, 1917లో, ఆయన ఉద్యోగమునకై బరోడా వచ్చినపుడు ఊరంతట ఒక్క గది దొరకలేదు. కులము దాచి యొక సత్రమున దిగగా, కొలది దినములకే కఱ్ఱలతో వచ్చి వెడలగొట్టిరి. స్నేహితుల నడిగిన, వారును వెనుదీసిరి. ఆయన తోటలో కూర్చుండి కన్నీరు విడిచి, రాత్రి రైలులో బొంబాయికి మరలిరి. సముద్రమునకు ఆవల దొరకిన నీడ ఈవల దొరకలేదు. నేడు మన బిడ్డలు పరదేశమున నలుగురు కలిసి గది తీసికొనునపుడు ఐదవవాని నీ యింటిపేరేమని యడుగుచున్నారని వినుచున్నాము. అమెరికాలోని సియాటిలు నగరము 2023వ సంవత్సరమున కులవివక్షను నిషేధించుచు శాసనము చేయవలసి వచ్చెను. అది మనకు ప్రశంసాపత్రము గాదు. కావున మనమేర్పరచు వసతినిధి మన కులపు సొమ్ముతో నిండవచ్చును. దాని ద్వారమున కులము నడుగువాడు మాత్రము నిలువరాదు. హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటలనుండి పోవు ప్రతి బిడ్డకును అది తెఱచియుండవలెను.

ఈ సభయెదుట మేముంచు ప్రార్థనలు నాలుగు. మొదటిది: ఆయా పట్టణములలో స్థిరపడిన మనవారు తమ యనుమతితో పేర్లిచ్చినచో ఒక పట్టిక తయారు చేయవలెను, క్రొత్తగా వచ్చిన విద్యార్థికి పది దినముల చూరును, గదిని ముందుగా పోయి చూచు కన్నులును వారియొద్ద దొరకవలెను. రెండవది: ధరావతునకై వడ్డీలేని యప్పు నిచ్చు నిధి యేర్పరుపవలెను. ధరావతు తిరిగి వచ్చు సొమ్మే గనుక, ఒక్క నిధి యేటేట తిరిగి తిరిగి ఎందఱకో ఉపకరించును. మూడవది: ఐదారు మంచి సైకిళ్ళు కొని సంఘ కార్యాలయమున నుంచవలెను. నాల్గవది: నిధినుండి అప్పు కోరు ప్రతి విద్యార్థియు మూడు దినముల యాత్ర చేసి, ఎక్కడ పండుకొన్నాడో, ఎంత ఖర్చయ్యెనో, ఎవరు మేలు చేసిరో, ఎవరు మోసపుచ్చజూచిరో నాలుగు పుటలు వ్రాసి యియ్యవలెను. శరీరస్థితిచేత సైకిలు త్రొక్కలేనివారు బస్సుపైననే ఒంటరిగా బోయి రావచ్చును. ఆ పుటలే మాకు ముఖ్యము.

సొమ్మెక్కడిదని యడుగుదురు. మన కల్యాణమండపముపై రెండవ అంతస్తు వేయుటకు చందాలు ప్రారంభమయినవని విన్నాము. ఆ సంకల్పము మంచిది. దాతల యౌదార్యము గొప్పది. మండపమున ఒక పెండ్లి ఒక్క రాత్రి జరుగును. అదే రాత్రి మన బిడ్డ యొకడు తెలియని నగరమున పెట్టెపై కూర్చుండి ఎటు పోవుదునని చూచుచుండును. ఈ రెండింటిలో ఏది ముందో దాతలే తేల్చుదురుగాక. అంతస్తు ఒక యేడు ఆలస్యమయినచో పెండ్లిండ్లు ఆగవు. ఈ శ్రావణ భాద్రపదములలో విమానమెక్కు బిడ్డలు మాత్రము మనకొఱకు ఆగరు.

పూర్వులు కట్టిన సత్రములపై వారి పేర్లు చెక్కియున్నవి. ఈ సత్రమునకు రాయి లేదు, గోడ లేదు, పేరు చెక్కుటకు చోటు లేదు. ఐనను ఇది సత్రమే. దీనిని నిలుపుటకు ఈ సభ తీర్మానించునని నమ్ముచు ముగించుచున్నాము.